కోట్లు రాగానే కాళ్లు విరుగుతాయా?

ఐపీఎల్ వేలం అయిపోయిన వారం తిరక్కముందే ఏ హాస్టల్ రూములోనైనా ఒక మాట వినిపిస్తుంది. "చూస్తుండు, వీడికి కోట్లు పడ్డయ్ కదా, ఇంక సీజన్ మొత్తం ఫిజియో దగ్గరే ఉంటడు." ఉప్పల్ స్టేడియం మన మేడిపల్లికి ఇంత దగ్గర్లో ఉండబట్టేమో, మన దగ్గర ఈ చర్చ కాస్త గట్టిగానే జరుగుతుంది. డబ్బు చేతికొచ్చాక ఆట మీద శ్రద్ధ పోతుందనీ, ఒళ్లు బరువెక్కుతుందనీ, అందుకే గాయాలవుతాయనీ దీని సారాంశం. అనే వాళ్లలో సగం మంది సరదాకే అంటారు, మిగతా సగం నిజంగానే నమ్ముతారు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ రెండో సగం కోసం.

ముందు వాళ్ల వాదనకు బలమిచ్చే కేసులే చెప్తాను. 2022 ఫిబ్రవరి 12న వేలంలో దీపక్ చాహర్‌ని చెన్నై 14 కోట్లకు కొన్నది. సరిగ్గా 8 రోజులకు, ఫిబ్రవరి 20న, కోల్‌కతాలో వెస్టిండీస్‌తో టీ20 ఆడుతూ తొడ కండరం పట్టేసి మైదానం వదిలాడు. కోలుకుంటున్న దశలో నడుము కూడా దెబ్బతిన్నది. ఆ సీజన్‌లో ఒక్క బంతి కూడా వెయ్యలేదు. ఇంకా వెనక్కి వెళ్తే 2009లో ఆండ్రూ ఫ్లింటాఫ్. 15.5 లక్షల డాలర్లు, అప్పటికి అది రికార్డు ధర. 3 మ్యాచ్‌లు ఆడి మోకాలు పట్టుకుని ఇంటికెళ్లాడు. అదీ చెన్నైయే.

ఇలాంటి కేసులు వరసగా చెప్పుకుంటూ పోతే ఎవరికైనా "నిజమే కదా" అనిపిస్తుంది. చిక్కంతా ఆ వరసలోనే ఉంది. డబ్బు తీసుకుని సీజన్ మొత్తం నిక్షేపంగా ఆడినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. 2023 డిసెంబర్‌లో ప్యాట్ కమిన్స్‌ని మన సన్‌రైజర్స్ 20.5 కోట్లకు కొంటే నవ్వినవాళ్లే ఎక్కువ. ఆయన కెప్టెన్‌గా 2024 సీజన్ ఆడి టీమ్‌ని ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. ఆయన్ని "కాంట్రాక్టు తర్వాత గాయపడనివాడు" అని ఎవరైనా లెక్కలోకి వేశారా? గాయపడ్డవాళ్లనే ఏరి, వాళ్లకి కామన్‌గా ఏముందో వెతికితే డబ్బు కనిపించక ఏమవుతుంది? డబ్బులేనివాడి గాయం పేపర్లో పడదు మరి.

ఇప్పుడు ఉప్పల్‌కి వద్దాం. 2024 అక్టోబర్ 12, దసరా రోజు. బంగ్లాదేశ్‌తో మూడో టీ20. సంజూ శాంసన్ సెంచరీ, ఇండియా 297 పరుగులు. ఆ స్కోరు హడావుడిలో చాలామంది మర్చిపోయిన విషయం ఒకటుంది. ఆ రోజు టీమ్‌లో ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు, ఇద్దరూ 6 రోజుల కిందటే గ్వాలియర్‌లో ఒకే మ్యాచ్‌లో ఇండియాకి అరంగేట్రం చేశారు. ఒకరు ఢిల్లీ పేసర్ మయాంక్ యాదవ్. ఇంకొకరు మన విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. ఇద్దర్నీ వాళ్ల టీమ్‌లు మొదట కొన్నది 20 లక్షలకే. అక్టోబర్ 31న రిటెన్షన్ లిస్టులు వచ్చేసరికి మయాంక్ ధర 11 కోట్లు, నితీశ్ ధర 6 కోట్లు. దేశానికి ఆడకపోయి ఉంటే అన్‌క్యాప్డ్ రేటు 4 కోట్ల దగ్గరే ఆగేవాళ్లు.

తర్వాత ఏమైంది? మయాంక్ ఉప్పల్‌లో ఆ రోజు ఇన్నింగ్స్ మొదటి బంతికే వికెట్ తీశాడు. ఆ తర్వాత నడుము. తిరిగి మైదానంలో కనిపించింది 2025 ఏప్రిల్ చివర్లో. మధ్యలో తిరిగొచ్చే టైముకి కాలి వేలికి మంచం తగిలి ఇంకొన్ని రోజులు ఆలస్యం, అది మాత్రం ఏ సిద్ధాంతానికీ అందదు! చివరికి ఆ సీజన్‌లో ఆడింది 2 మ్యాచ్‌లు, మళ్లీ నడుమే. నితీశ్‌కి 2025 జనవరిలో చెన్నై ప్రాక్టీసులో పక్క కండరం, జులైలో ఇంగ్లండ్‌లో మోకాలు, అక్టోబర్‌లో ఆస్ట్రేలియాలో తొడ కండరం. కామెంట్లలో ఏమన్నారో మీకు తెలుసు. 6 కోట్లు వచ్చాక వళ్లు వంగట్లేదట. కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదిలేసిన తండ్రి ముత్యాల రెడ్డిని కూడా వదల్లేదు జనం.

కానీ తేదీలు ఒకసారి అటు ఇటు జరపకుండా పెట్టి చూడండి. మయాంక్‌కి మొదటిసారి పక్క కండరం పట్టేసింది 2024 ఏప్రిల్ 7న, గుజరాత్‌తో మ్యాచ్‌లో, ఒక్క ఓవర్ వేశాక. అప్పుడు అతని జీతం 20 లక్షలు. ఏప్రిల్ 30న తిరిగొచ్చి మళ్లీ స్పెల్ మధ్యలోనే వెళ్లిపోయాడు. ఆ ఐపీఎల్‌లో మొత్తం 4 మ్యాచ్‌లే ఆడాడు. నితీశ్ 2024 జూన్‌లో జింబాబ్వే టూర్‌కి సెలెక్టై హెర్నియా వల్ల వెళ్లలేకపోయాడు. అదీ 6 కోట్లకి ముందే. అంటే ఇద్దరికీ గాయం ముందొచ్చింది, డబ్బు తర్వాత వచ్చింది. స్పోర్ట్స్ మెడిసిన్‌లో చాలా గట్టిగా నిలబడ్డ విషయం ఏమిటంటే, తర్వాతి గాయాన్ని ఊహించడానికి అన్నిటికన్నా పనికొచ్చే సూచన పాత గాయమే. లక్నో ఆ సంగతి తెలిసీ 155 కిలోమీటర్ల వేగం కోసం 11 కోట్లు పెట్టింది. అది జూదమే, కాకపోతే కళ్లు తెరిచి ఆడిన జూదం.

నితీశ్ విషయంలో ఇంకో లెక్క ఉంది. రిటెన్షన్‌కీ జనవరి గాయానికీ మధ్య అతను ఖాళీగా కూర్చోలేదు. ఆస్ట్రేలియాలో 5 టెస్టులూ ఆడాడు, మెల్‌బోర్న్‌లో 114 కొట్టాడు. అప్పటికి వయసు 21. సిడ్నీ టెస్టు జనవరి 5న అయిపోయింది, 22న కోల్‌కతాలో టీ20, ఆ వెంటనే చెన్నైలో గాయం. అదే ఆస్ట్రేలియా సిరీస్‌లో బుమ్రా 150 ఓవర్లకు పైగా వేసి 32 వికెట్లు తీసి, సిడ్నీలో నడుము పట్టుకుని బయటికొచ్చాడు. బుమ్రాకి కోట్లు కొత్తగా రాలేదు కదా, మరి అతనికెందుకైంది?

ఇక్కడ మన బ్రాంచీలకి పనికొచ్చే భాగం మొదలవుతుంది. మెకానికల్, సివిల్ వాళ్లు ఫెటీగ్ చదివే ఉంటారు. ఒక్క దెబ్బకి విరగని కడ్డీ, అంతకంటే చాలా తక్కువ లోడు లక్షలసార్లు పడితే విరుగుతుంది. ఫాస్ట్ బౌలర్ ముందు కాలు క్రీజులో పడ్డప్పుడు నేల నుంచి వచ్చే బలం శరీర బరువుకి 5 రెట్లకు పైగా ఉంటుంది. 80 కిలోల మనిషి అనుకుంటే ప్రతి బంతికీ 400 కిలోల పైమాటే. టీ20లో 24 బంతులు, టెస్టులో ఒక్క రోజు 20 ఓవర్లు వేస్తే 120 బంతులు. ఆ సమయంలో నడుము ఒకేసారి వెనక్కి వాలి, పక్కకి వంగి, మెలి తిరుగుతుంది. ఈ మూడూ కలిసి పడేది నడుము కింది వెన్నుపూసల మీద, అదీ ఒకవైపే. కుడిచేతి బౌలర్‌కి ఎక్కువగా ఎడమవైపు పగులు వస్తుంది. వర్క్‌షాప్‌లో షాఫ్ట్ మీద ఒకచోట నాచ్ పెట్టి తిప్పినట్టు.

ఎముకకీ ఇనుముకీ ఒక పెద్ద తేడా ఉంది. ఇనుము తనను తాను బాగుచేసుకోదు, ఎముక చేసుకుంటుంది. కానీ ఎలా చేసుకుంటుందో చూడండి. ముందు దెబ్బతిన్న భాగాన్ని కణాలు తవ్వి తీసేస్తాయి, దానికి కొన్ని వారాలు పడుతుంది. తర్వాత కొత్త ఎముక నింపుతాయి, అది గట్టిపడడానికి నెలలు పడుతుంది. మధ్యలో కొంతకాలం ఎముక మామూలు కంటే బలహీనంగా ఉంటుందన్నమాట. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా మన రోడ్డు తవ్విపెట్టినట్టే. బాగుచెయ్యడానికే తవ్వారు, కాదనను, కానీ ఆ టైములో దాని మీద లారీలు తోలితే ఏమవుతుంది? పైగా కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది, ఎముకకి ఇంకా టైం కావాలి. 20, 21 ఏళ్ల కుర్రాడు జిమ్ చేసి, మంచి కోచ్ దొరికి, ఒక్క ఏడాదిలో వేగం పెంచేశాడంటే, ఆ వేగాన్ని మోసే వెన్నుపూస ఇంకా పూర్తిగా పక్వానికి రాలేదని అర్థం.

సరిగ్గా అదే కుర్రాడికి కోట్లు పడతాయి! వేలంలో ధర పలికేది ఎవరికి? గత సీజన్‌లో అందరికంటే ఎక్కువగా, అందరికంటే వేగంగా ఆడినవాడికి. అంటే ధర నిర్ణయమయ్యే క్షణానికి ఒళ్లు ఇప్పటికే అప్పులో ఉంటుంది. ధర పడ్డాక లోడు తగ్గదు, పెరుగుతుంది. దేశం టీమ్, మూడు ఫార్మాట్లు, విమానాలు, యాడ్ షూటింగులు. కోట్ల వల్ల గాయం వచ్చిందనడం కంటే, ఏ కారణం కోట్లు తెచ్చిందో అదే కారణం గాయాన్నీ తెచ్చిందనడం సరైనది. ప్రాబబిలిటీ క్లాసులో "కోరిలేషన్ వేరు, కారణం వేరు" అని సార్ చెప్తే కునికిపాట్లు పడ్డాం, ఇదిగో ఉదాహరణ.

అయితే డబ్బుకి అస్సలు సంబంధం లేదా అంటే, ఉంది. కానీ మనవాళ్లు అనుకునే దిక్కులో కాదు.

ఎకనామిక్స్ ఎలెక్టివ్ తీసుకున్నవాళ్లు మోరల్ హజార్డ్ అని గుర్తుచేస్తారు. ఫోన్‌కి ఇన్సూరెన్స్ ఉన్నవాడు కవర్ లేకుండా తిప్పుతాడు చూడండి, అదీ విషయం. గ్యారంటీ డబ్బుంటే జాగ్రత్త తగ్గుతుందని. కానీ ఐపీఎల్ కాంట్రాక్టు అంత గ్యారంటీ కాదు. సీజన్ మొదలవకముందే గాయంతో మొత్తం తప్పుకుంటే ఫ్రాంచైజీ మామూలుగా జీతం ఇవ్వదు. టీమ్‌తో చేరాక సీజన్‌లో గాయపడితే ఇస్తుంది. బీసీసీఐ కాంట్రాక్టు ఉన్న ఆటగాడు దేశానికి ఆడుతూ దెబ్బతిని ఐపీఎల్ పోగొట్టుకుంటే బోర్డు బీమా ఉంది. అంటే సీజన్‌కి నెల ముందు ఒళ్లు పాడుచేసుకోవడం వల్ల ఎవరికీ లాభం లేదు. అరుదైన అవకాశం కోసం ఎదురుచూస్తున్న 21 ఏళ్ల కుర్రాడు కావాలని గాయం తెచ్చుకుంటాడా అసలు?

డబ్బు నిజంగా మార్చేది ఇంకోటి. గాయం బయటికి చెప్పే ధైర్యాన్ని. మా కాలేజీ టీమ్‌లో ఒక సీనియర్ అన్న ఉన్నాడు, మంచి పేసర్, లీగ్ మ్యాచ్‌లూ ఆడతాడు. పోయినేడాది ఇంటర్ కాలేజ్ టోర్నీ మొత్తం నడుముకి టేపు వేసుకుని, మ్యాచ్‌కి ముందు పెయిన్‌కిల్లర్ మింగి వేశాడు. ఎందుకన్నా అంటే, "చెప్తే పక్కన పెడతరు, నా ప్లేసుకి ఇంకా నలుగురున్నరు" అన్నాడు. అతనికి ఎమ్మారై తీయించే దిక్కు లేదు, కాబట్టి అతని గాయం లెక్కలో లేదు. ఐపీఎల్‌లో కూడా కింది అంచెలో ఇదే. 2025 నుంచి మ్యాచ్‌కి 7.5 లక్షల ఫీజు వేరుగా ఇస్తున్నారు. 30 లక్షల ఆటగాడు 4 మ్యాచ్‌లు ఆడితే జీతం డబుల్. వాడు నొప్పి ఉందని ఎందుకు చెప్తాడు? అదే 11 కోట్లవాడిని టీమ్ ఆస్తిలా చూసుకుంటుంది. కాస్త పట్టేసినా స్కాన్, చిన్న మచ్చ కనిపించినా విశ్రాంతి, వెంటనే ప్రెస్ నోట్. ఎవరికి ఎక్కువ స్కాన్లు తీస్తే వాళ్లకే ఎక్కువ గాయాలు కనిపిస్తాయి. పేద బౌలర్‌కి గాయం అవ్వదని కాదు, కనపడదంతే.

క్రికెట్ ఒక్కటే కాకుండా బ్యాడ్మింటన్ చూసినా ఈ సామెత నిలబడదు. 2012లో లండన్ కాంస్యం తెచ్చాక సైనా నెహ్వాల్ 3 ఏళ్లకి 40 కోట్ల ఒప్పందం చేసుకుందని అప్పుడు పెద్ద వార్త. ఆ 3 ఏళ్లలో ఆమె ప్రపంచ నంబర్ వన్ అయింది, 2015 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ ఆడింది. మోకాలు ఆమెని కూల్చింది 2016లో, రియోలో. పీవీ సింధు 2019 ఫిబ్రవరిలో లీ నింగ్‌తో దాదాపు 50 కోట్ల ఒప్పందం చేసుకుంటే, ఆగస్టులో బాసెల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. ఆమె చీలమండకి స్ట్రెస్ ఫ్రాక్చర్ అయింది 2022లో, అదీ ఆ నొప్పితోనే కామన్‌వెల్త్ స్వర్ణం గెలిచాక బయటపడింది. వీళ్లిద్దర్నీ తయారుచేసిన గోపీచంద్ మోకాలు 1994లో పుణే నేషనల్ గేమ్స్‌లో దెబ్బతిన్నప్పుడు ఆయన వెనక ఏ కోట్లూ లేవు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక కోలా కంపెనీ యాడ్ వస్తే వద్దన్నాడు. డబ్బు వద్దన్నవాడి మోకాలు కూడా ఆయన్ని సతాయిస్తూనే ఉండింది.

సన్‌రైజర్స్ అభిమానిగా ఒక్క కేసు దగ్గర మాత్రం నాకూ కడుపు మండింది. మహమ్మద్ షమీ. 2023 ప్రపంచ కప్ తర్వాత చీలమండ ఆపరేషన్, ఏడాది ఆట లేదు. 2024 నవంబర్ వేలంలో మనవాళ్లు 10 కోట్లు పెట్టారు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద 4 ఓవర్లలో 75 ఇచ్చాడు, వికెట్ లేదు. అంతకు 20 రోజుల ముందు అదే ఉప్పల్‌లో, గాయాల నుంచి తిరిగొచ్చిన ఇంకో పేసర్, రాజస్థాన్ 12.5 కోట్లు పెట్టిన జోఫ్రా ఆర్చర్, మనవాళ్ల చేతిలో 4 ఓవర్లకి 76 ఇచ్చుకున్నాడు. ఐపీఎల్‌లో అప్పటికి అంతకంటే ఖరీదైన స్పెల్ లేదు. గాయం తర్వాత పాత బౌలర్ తిరిగి రాడనడానికి ఇదే రుజువని మా రూమ్మేట్ వాదన. నేను ఒప్పుకోను. ఆ ఏడాది ఉప్పల్ పిచ్ మీద ఆరోగ్యంగా ఉన్న బౌలర్లు కూడా ఏడ్చారు. పంజాబ్ కొట్టిన 245ని మనవాళ్లు 9 బంతులు మిగిలుండగానే దాటేశారు, అభిషేక్ ఒక్కడే 141. షమీ ఆ రోజు గాయంతో ఓడాడా, పిచ్‌తో ఓడాడా చెప్పడానికి ఒక్క స్పెల్ చాలదు. కానీ 34 ఏళ్ల వయసు, ఏడాది విరామం కళ్లెదుట ఉండగా 10 కోట్లు పెట్టింది టీమ్. వేలంలో గెలిచేవాడెవరు? ఆ వస్తువు విలువని అందరికంటే ఎక్కువగా ఊహించినవాడు. కాబట్టి కొన్నవాడికి నిరాశ ఎదురవ్వడం చాలాసార్లు వేలం పద్ధతిలోనే ఉంది. దానికి ఆటగాడిని తిట్టడం దేనికి?

దీనికి పూర్తి ఎదురు కథ మళ్లీ కమిన్స్‌దే. 2011 నవంబర్‌లో 18 ఏళ్లకి జొహానెస్‌బర్గ్‌లో మొదటి టెస్టు, 7 వికెట్లు, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. రెండో టెస్టు ఎప్పుడు ఆడాడో తెలుసా? 2017 మార్చి, రాంచీ. మధ్యలో 5 ఏళ్లకు పైగా నడుము పగుళ్లు, ఇతర గాయాలు. ఆస్ట్రేలియా బోర్డు ఓపిగ్గా కూర్చుంది, ఎముక గట్టిపడేదాకా ఎర్రబంతి ఎక్కువ ఇవ్వలేదు. తర్వాత ఏళ్లతరబడి ఆగకుండా ఆడాడు. 2025లో మళ్లీ నడుము తిరగబెట్టి యాషెస్ మొదటి టెస్టులకి దూరమయ్యాడు. 20.5 కోట్లప్పుడు రాని నొప్పి, 18 కోట్లకి రిటైన్ అయ్యాక వచ్చింది. ధర తగ్గితే గాయాలొస్తాయని ఇంకో సిద్ధాంతం కట్టుకోవచ్చు మనం!

చివరిగా, మన టోర్నీలు ఆడేవాళ్లు సొంతంగా వేసుకోగలిగే లెక్క ఒకటి. 2014లో హులిన్, గాబెట్ తదితరులు ఫాస్ట్ బౌలర్ల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఈ వారం వేసిన లోడుని గత 4 వారాల సగటుతో భాగించాలి. 1 దగ్గర ఉంటే ఒళ్లు అలవాటైన పనే చేస్తోంది. 2కి అటు దాటితే ఆ తర్వాతి వారంలో గాయం ప్రమాదం బాగా పెరుగుతుందని వాళ్లు చూశారు. ఈ నిష్పత్తి మీద తర్వాత విమర్శలు వచ్చాయి, ఈ వారం లోడు పైనా కిందా రెండుచోట్లా ఉండడం గణితపరంగా సరికాదని. నిజమే, దాన్ని దైవవాక్కులా పట్టుకోనక్కర్లేదు. అయినా లెక్క వేసి చూడండి.

సెమిస్టర్ పరీక్షలు, 3 వారాలు బంతి ముట్టలేదు. 0, 0, 0. పరీక్షలయిన మర్నాటి నుంచే టోర్నీ, 4 రోజుల్లో 4 మ్యాచ్‌లు, పొద్దున నెట్స్, కలిపి ఒక 180 బంతులు. 4 వారాల సగటు 45. 180ని 45తో భాగిస్తే 4. ఈ ఫార్ములాలో అంతకంటే పెద్ద సంఖ్య రావడం సాధ్యమే కాదు, కావాలంటే ఆల్జీబ్రా చేసి చూసుకోండి. పరీక్షల మధ్యలో రోజు విడిచి రోజు సాయంత్రం ఒక 30 బంతులు వేసి ఉంటే వారానికి 100 దాకా అయ్యేవి, అప్పుడు సగటు 120, నిష్పత్తి 1.5. టోర్నీ అదే, బంతులు అవే 180. ఈసారి షెడ్యూల్ కూడా పరీక్షలు ముగిసిన మూడో రోజే పెట్టారని స్పోర్ట్స్ సెక్రటరీ చెప్పాడు. హాల్ టికెట్లతో పాటు బంతి కూడా బయటికి తీయాల్సింది ఇప్పుడే.